తొంభై తొమ్మిది ఏపీవో ఏ ఊరు?

సంక్రాంతి వెళ్ళిన మర్నాడు మా అమ్మ అరిసెలు, జంతికలు డబ్బాలో సర్ది అన్నయ్యకు పార్సెల్ కట్టమంది. గుడ్డచుట్టి కుట్టాక చిరునామా నేను రాశాను. పేరు, నెంబరు, పటాలం, చివర ‘కేరాఫ్ 99 ఏపీవో’. అంతే. ఊరు లేదు, జిల్లా లేదు. పక్కన కూర్చున్న మామ్మ, “ఇదేటిరా బాబూ, ఊరు పేరు లేకండా ఎలగెల్తాది? మన ఓడు ఏ మూలున్నాడో నీకైనా తెలుసేటి?” అంది. బీఎస్సీ చదువుతున్న నాకు జవాబు తోచలేదు. ఆ సిగ్గుతో కొంత చదివి, మా ఊళ్ళో పింఛను తీసుకుంటున్న మాజీ సైనికులను అడిగి తెలుసుకున్న సంగతులు ఇక్కడ మనవి చేస్తున్నాను.

మన సైన్యం ఏడు కమాండ్లుగా ఉంది. వాటిలో ఒకటి శిక్షణకు సంబంధించినది. మిగతా ఆరూ దేశాన్ని దిక్కులవారీగా పంచుకున్నాయి. నార్తరన్ కమాండ్‌కు ఉధంపూర్, వెస్టర్న్‌కు చండీమందిర్, సౌత్ వెస్టర్న్‌కు జైపూర్, సెంట్రల్‌కు లక్నో, ఈస్టర్న్‌కు కోల్‌కతా, సదరన్‌కు పూణె కేంద్రాలు. ఒక్కొక్కదానికి ఒక లెఫ్టినెంట్ జనరల్ అధిపతి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు సదరన్ కమాండ్ కిందకు వస్తాయి. విశాఖలో ఉన్న ఈస్టర్న్ కమాండ్ నౌకాదళానిది, అది వేరు. అంటే మనం నేవీకి తూర్పు, ఆర్మీకి దక్షిణం!

ఈ విభజన ఎలా వచ్చిందో చూద్దాం. ఈస్టిండియా కంపెనీకి బెంగాల్, బొంబాయి, మద్రాసుల్లో మూడు వేరువేరు సైన్యాలుండేవి. మన ప్రాంతం మద్రాసు సైన్యం కిందిది. 1758లో చందుర్తి యుద్ధంలో విజయనగరం ఆనంద గజపతిరాజు కర్నల్ ఫోర్డ్ పక్షాన ఫ్రెంచివారి మీద పోరాడాడు. ముప్పై ఆరేళ్ళు తిరిగేసరికి, 1794 జూలై 10న, పద్మనాభం దగ్గర విజయరామ గజపతిరాజు ఆ కంపెనీ సైన్యం చేతిలోనే నేలకొరిగాడు. విజయనగరంలో మనం రోజూ పలికే ‘కంటోన్మెంట్’ అనే పేటపేరు ఆ సైన్యం విడిచిపోయిన గుర్తే.

1895 ఏప్రిల్ 1న మూడు సైన్యాలనూ రద్దుచేసి పంజాబ్, బెంగాల్, బొంబాయి, మద్రాసు అని నాలుగు కమాండ్లు చేశారు. సదరన్ కమాండ్ తన పుట్టుకను ఆ రోజు నుంచే లెక్కపెట్టుకుంటుంది. 1920లో వాటిని ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ కమాండ్లుగా మార్చారు. చైనా యుద్ధం తరువాత, 1963లో, ఈస్టర్న్ కమాండ్ లక్నో నుంచి కోల్‌కతాకు మారింది. లక్నోలో సెంట్రల్ కమాండ్ వెలిసింది. ముప్పు ఏ దిక్కున ఉంటే కమాండ్ ఆ దిక్కుకు జరుగుతుందన్నమాట. 1948 సెప్టెంబరులో హైదరాబాదు చర్యనూ, 1961లో గోవా విముక్తినీ నడిపింది సదరన్ కమాండే.

కమాండ్ కింద రెండు శాఖలుంటాయి. ఒకటి కదలనిది, రెండవది కదిలేది. కదలనివి ఏరియాలు, సబ్ ఏరియాలు. కంటోన్మెంట్లు, భూములు, మాజీ సైనికుల బాగోగులు, స్థానిక అవసరాలు వీటి బాధ్యత. మనకు సికింద్రాబాదులో ఒక సబ్ ఏరియా ఉంది. కదిలేవి యుద్ధానికి సిద్ధంగా ఉండే దళాలు: కోర్, దాని కింద డివిజన్లు, వాటి కింద బ్రిగేడ్లు, బ్రిగేడ్‌కు సాధారణంగా మూడు బెటాలియన్లు. ఒక్కో బెటాలియన్‌లో సుమారు ఎనిమిది వందలమంది, దానికి ఒక కర్నల్.

ఇక్కడే మనవాళ్ళు చాలామంది పొరబడతారు. రెజిమెంట్ వేరు, కమాండ్ వేరు. మా అన్నయ్య మద్రాస్ రెజిమెంట్ వాడు. శిక్షణ నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో అయింది. రెజిమెంట్ ఇంటిపేరు లాంటిది, మారదు. కమాండ్ మాబోటి రైతులు చేసే కౌలు చేను లాంటిది. రెండు మూడేళ్ళకు బెటాలియన్ ఒక చోటి నుంచి మరో చోటికి పోతుంది, అప్పుడు పైఅధికారీ మారతాడు. తెలుగువాళ్ళకు ఆ ఇంటిపేరూ ఊరికే దక్కలేదు. ‘యుద్ధజాతులు’ అనే వాదంతో బ్రిటిష్ వారు మనవాళ్ళను తీసుకోవడం తగ్గించారు. 1920ల చివరికి మద్రాసు పదాతిదళం మూతపడింది. మళ్ళీ రెండవ ప్రపంచ యుద్ధంలో, 1941లో, అవసరం పడి తెరిచారు.

ఇక 99 ఏపీవో సంగతి. అది ఊరు కాదు, సైనిక తపాలా సంకేతం. తూర్పువైపు దళాల తపాలా 99 పేరిట కోల్‌కతా చేరి, అక్కడి నుంచి పంపిణీ అవుతుంది. పశ్చిమం వైపు వారికి 56, ఢిల్లీ మీదుగా. దళం ఎక్కడుందో శత్రువుకు తెలియకుండా ఈ ఏర్పాటు. కనుకనే ఫోన్లో అడిగినా అన్నయ్య ఊరు చెప్పడు.

మరి అత్యవసరమైతే? కమాండ్‌కు రాయనక్కరలేదు. రెజిమెంట్ రికార్డు ఆఫీసులో ప్రతి సైనికుడి వివరాలూ ఉంటాయి. జిల్లాలో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. తెల్లవారుజామున ఏటి గట్టున పరుగులు తీస్తున్న తమ్ముళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

అన్నయ్య చేరింది అగ్నివీరుడిగా. 2022లో ప్రకటించిన నిబంధన ప్రకారం నాలుగేళ్ళ తరువాత నూటికి ఇరవై ఐదుగురి వరకే ఉంచుకుంటారు. అంటే వాడికి ఇంటిపేరు కూడా కౌలుకే వచ్చింది. నా కాలేజీ ఫీజు వాడి జీతంలోంచే కడుతున్నాం. అందుకే ఈ చదువు నాకు పరీక్షకన్నా ముఖ్యమైంది.

మామ్మకు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, “అయితే తూరుపునున్నాడన్నమాట. అక్కడ చలేమో, ఆ దుప్పటి కూడా కుట్టు” అంది. పార్సెల్ విప్పి మళ్ళీ కుట్టాను.