గేదె అండములో కేంద్రకమెక్కడ?

గేదె పాలు ఎరుగని ఇల్లు హయత్‌నగర్ ప్రాంతమున అరుదు. గేదె అండమును చూచినవారు మరింత అరుదు. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు ఎనిమిదవ వంతు. లోపల క్రొవ్వు బిందువులు క్రిక్కిరిసి ఉండుటచే సూక్ష్మదర్శినిలో అది నల్లని ముద్దవలె కనబడును. పక్వమైన అండములో కేంద్రకపు పొర కూడ కరిగిపోయి, క్రోమోజోములు మాత్రమే ఒకచోట వరుసదీరి ఉండును. క్లోనింగులో వీనిని తొలగించి, వేరొక కణపు కేంద్రకమును ప్రవేశపెట్టవలెను. 2009లో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో క్లోను గేదెదూడలు పుట్టినది ఇట్టి పనివలననే. కాని కనబడనిదానిని తొలగించుట ఎట్లు?

ఇందుకు హెక్స్ట్ 33342 అను రంజకము తోడ్పడును. అది బ్రదికియున్న కణపు పొరను దాటి డి.ఎన్.ఎ.ను అంటుకొనును. సుమారు 350 నానోమీటర్ల అతినీలలోహిత కిరణములను గ్రహించి, సుమారు 460 నానోమీటర్ల నీలికాంతిని వెలువరించును. ఇట్లు గ్రహించినదానికంటె పొడవైన తరంగములను వెలువరించు గుణమే ప్రతిదీప్తి. 1852లో స్టోక్స్ దీనిని వివరించెను. సూక్ష్మదర్శినిలోని వడపోత గాజు అతినీలలోహితమును ఆపి, నీలికాంతిని మాత్రమే కంటికి చేర్చును. అప్పుడు చీకటిలో రెండు నీలిచుక్కలు మెరయును: ఒకటి అండపు క్రోమోజోములు, రెండవది, పక్వమగునప్పుడు అండము వెలుపలికి త్రోసివేసిన ధ్రువకణము.

అయితే, చూపించు కిరణములే అండమును గాయపరచును. కావున వానిని క్షణకాలమే ప్రసరింపజేయుదురు. అంతకంటె మేలైన ఉపాయము మరొకటి కలదు. రంజకము పట్టించిన అండమునుండి ధ్రువకణమును, దాని చెంతనున్న కొద్ది భాగమును సన్నని గాజుగొట్టముతో పీల్చి, ఆ గొట్టముపైననే కిరణములను పడనిత్తురు. అందు రెండు చుక్కలును మెరసినచో, వెలుగు సోకని అండములో క్రోమోజోములు మిగులలేదని తెలియును.