గడియారము ఎవరి చేతికి?

చేవెళ్ల దారిలోని మర్రిచెట్ల నీడను చూచి వేళ చెప్పగల పెద్దలను నేనెరుగుదును. “బారెడు పొద్దెక్కినది”, “జాము రాత్రి అయినది” అను మాటలతోనే వారి దినము గడచెడిది. పూర్వము పగలును రాత్రియు కలిసి 60 గడియలు. గడియ యనగా 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై నుంచి, అది నిండి మునుగు వ్యవధిని గడియగా లెక్కించెడివారు. పెండ్లి ముహూర్తమును సైతము అట్లే నిర్ణయించెడివారు. గిన్నె పోయినది, గడియ మాత్రము గడియారము పేరులో నిలిచినది.

ఆ కాలము అందరి సొత్తు. హైదరాబాదు చార్మినారుపై 1889లో అమర్చిన గడియారములును దారిన పోవువారందరివి. కాలము ఒక్కరి సొత్తయినది మణికట్టు నెక్కిన తరువాతనే.

ఇందొక విచిత్రము కలదు. ఐరోపాలో చేతిగడియారము తొలుత స్త్రీల ఆభరణము. 1868లో స్విట్జర్లాండునకు చెందిన పటేక్ ఫిలిప్ సంస్థ హంగేరీ దేశపు ప్రభుకుటుంబ స్త్రీ ఒకామెకు అట్టిదానిని చేసి యిచ్చెను. పురుషులు జేబు గడియారమునే గౌరవముగా నెంచి, దీనిని గాజులవంటి దని తలచిరి. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలోని సైనికులకు రెండు చేతులును ఖాళీగా నుండవలసి వచ్చుటచేత, అది మగవారి సొమ్మయ్యెను.

మన దేశమున హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారముతో 1961లో బెంగుళూరున చేతిగడియారముల కర్మాగారము నెలకొల్పెను. వరకట్న నిషేధ చట్టము వచ్చినదియు ఆ సంవత్సరముననే. కట్నము నేరమైనది, కాని కానుక నేరము కాదు. ఆ సందులో హెచ్.ఎం.టి. వాచీ పెండ్లిపందిరిలోనికి నడచి వచ్చెను. చీనాలో గోడగడియారమును బహూకరించుట అశుభము. ఆ మాట వారి ఉచ్చారణలో అంత్యక్రియలను స్ఫురింపజేయును. మనకో, అల్లునికి గడియారము పెట్టకున్న అమర్యాద!

ముప్పది యేండ్ల క్రిందట, నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, పరీక్షగదిలో ఒక విద్యార్థిని మూడుమారులు లేచి, “సార్, ఇంకెంత టైమున్నది?” అని యడిగినది. తరగతిలో మొదటి పిల్ల. విసుగుతో, “గడియారము తెచ్చుకొనరాదా?” అంటిని. “మొన్న అక్క పెండ్లిల బావకు పెట్టిన్రు సార్. నాకెందుకన్నరు” అని తలవంచుకొని వ్రాయసాగినది. ఆమె తండ్రి కూరగాయలు పండించి సంతలో అమ్ముకొను రైతు. ఆయనను నిందింప నాకు నోరు రాలేదు. నా పెండ్లిలో మామగారు తొడిగిన గడియారము అప్పుడు నా చేతిపైననే యున్నది.

హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయ ప్రభుత్వము 2016లో నిశ్చయించెను. నేడు వేళ తెలియుటకు చరవాణి చాలును. ఇక చేతిగడియారమునకు మిగిలినది మర్యాద యొక్కటే. ఆ మర్యాద ఎవరికి చేయుదుము? పెండ్లికొడుకునకు తొడుగుటకు ముందే, పదవ తరగతి ముగించిన కూతురు చేతికి తొడిగిన నేమి? నీ కాలము నీది, దానిని నీవే లెక్కించుకొనుమని చెప్పుటకు అంతకన్న మంచి కానుక నా కెరుకలేదు.

నాటినుండి పరీక్షగదిలో ప్రతి అరగంటకు నల్లబల్లపై వేళ వ్రాయుచున్నాను. లేచి యడుగ వలసిన అవసరము ఏ పిల్లకును కలుగరాదు.