అమ్మమ్మ గొంతు ‘క్లిప్’ కాకూడదంటే!

మీ ఇంట్లో అటక మీదో, బీరువా అడుగునో ఓ క్యాసెట్ల డబ్బా ఉండే ఉంటుంది. అందులోని సినిమా పాటల గురించి బెంగ అక్కర్లేదు, చాలావరకు ఫోన్లోనే దొరుకుతాయి. కానీ తాతయ్య చదివిన పద్యాలు, అమ్మమ్మ పాడిన మంగళహారతి, గల్ఫ్‌లో ఉన్న బాబాయి ఉత్తరానికి బదులు పంపిన మాటలు... వాటికి ఇంకో కాపీ ఉండదు.

అలాంటి ఓ క్యాసెట్‌ను మా అమ్మ ఒక స్టూడియోలో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. మొదట్లో బాగానే ఉంది. అమ్మమ్మ గొంతు పైకి లేచిన ప్రతిచోటా మాత్రం బరబరమని చీలిపోయింది. వాల్యూమ్ తగ్గించి విన్నా అంతే! అసలు క్యాసెట్ ఇంట్లోనే ఉంది కాబట్టి, ఈసారి నేనే కూర్చుని ఎక్కించాను.

ఆ బరబరకు పేరు క్లిప్పింగ్. డిజిటల్ రికార్డింగ్‌కు 0 డెసిబెల్స్ దగ్గర ఓ పైకప్పు ఉంటుంది. అంతకు మించి లేచిన శబ్ద తరంగం నెత్తి కోసేసినట్టు చదునైపోతుంది. టేపు అయితే హద్దు దాటినా మెల్లగా బొంగురుపోతుంది. డిజిటల్‌కు ఆ మొహమాటం లేదు, కోసేయడమే. పాలు పొంగిపోయాక మంట తగ్గిస్తే ఏం లాభం? ఇదీ అంతే.

మరి ఏం చేయాలి?

ముందు క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు. టేప్‌రికార్డర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరనివ్వండి.

వైరు లైన్ అవుట్ నుంచి లైన్ ఇన్‌కు వెళ్లాలి. మైక్ సాకెట్ వద్దు. అది చాలా చిన్న సిగ్నల్‌ను పెంచడానికి పెట్టింది, టేప్‌రికార్డర్ శబ్దాన్ని తట్టుకోలేదు. ఫోన్లకు, చాలా ల్యాప్‌టాప్‌లకు ఉండే ఒకే ఒక్క సాకెట్‌లో ఇన్‌పుట్ మైక్‌కే. అందుకే లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకోండి. మీ టేప్‌రికార్డర్‌కు హెడ్‌ఫోన్ సాకెట్ ఒక్కటే ఉందా? వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచండి.

ఇక లెవెల్. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. క్యాసెట్‌లో గొంతు బాగా పెద్దగా ఉన్నచోటు వెతికి ప్లే చేయండి. మీటర్ మైనస్ 12, మైనస్ 6 మధ్య ఆగితే సరి. ఆ పైన వదిలిన ఖాళీ ఎందుకంటారా? మధ్యలో ఎవరో గట్టిగా దగ్గుతారు, చప్పట్లు కొడతారు, తాళం మోగిస్తారు. వాటికి చోటుండాలి. ఆటోమేటిక్ గెయిన్ ఉంటే ఆపేయండి.

తక్కువ లెవెల్‌లో తీస్తే నాణ్యత పోతుందని భయపడొద్దు. మామూలు క్యాసెట్‌లో టేపు ‘సుయ్’మనే హోరుకీ, పెద్ద శబ్దానికీ మధ్య తేడా సుమారు 50-60 డెసిబెల్స్. 16 బిట్ రికార్డింగ్‌లో అది 96 దాకా ఉంటుంది. 24 బిట్ వేవ్ ఫైల్ అయితే ఇంకా నిశ్చింత. శబ్దం చిన్నదైతే తర్వాత ‘నార్మలైజ్’ చేసి పెంచుకోవచ్చు. కోసేసిన గొంతును మాత్రం ఉన్నదున్నట్టు తిరిగి తేలేం.

లెవెల్ ఎక్కువైతే టేప్‌రికార్డర్ వాల్యూమ్ దగ్గరో, ఇంటర్‌ఫేస్ నాబ్ దగ్గరో తగ్గించండి. ముందే చదునైన తరంగాన్ని సాఫ్ట్‌వేర్‌లో తగ్గిస్తే, చిన్నదైన చదును తరంగమే మిగులుతుంది. టేప్‌రికార్డర్‌కే హెడ్‌ఫోన్స్ పెట్టి విన్నా చీలినట్టుందా? అయితే అది అప్పట్లో టేపు మీదే అలా పడి ఉండొచ్చు.

వేవ్ ఫైల్‌ను ముట్టుకోకుండా దాచి, వాట్సాప్ కోసం ఎంపీ3 కాపీ వేరుగా చేసుకోండి. క్యాసెట్ పారేయకండి, రేపు ఇంతకన్నా మంచి టేప్‌రికార్డర్ దొరకొచ్చు. ఫైల్ పేరులో అది ఎవరి గొంతో, ఏ సంవత్సరందో రాయండి. ఆ సంగతి చెప్పగలిగిన పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి.