నవలలోని మాట, తెరమీది పాట

నవల చదివినవారు, దాని ననుసరించి తీసిన చిత్రమును చూచి వచ్చి, "పుస్తకములో నున్నంత లేదు" అని పెదవి విరచుట పరిపాటి. ఇందులో కొంత న్యాయ మున్నది, కొంత తొందరపాటును ఉన్నది. పుస్తకములో మనలను కదిలించిన దేమి? అది తెరమీదికి ఏ దారిని రావలెను? ఈ ప్రశ్నలు వేసికొనకయే మనము తీర్పు చెప్పుచుందుము. అందరు నెరిగిన 'దేవదాసు'నే ఉదాహరణముగా తీసికొందము.

శరత్ చంద్ర చటోపాధ్యాయుని ఈ బెంగాలీ నవల 1917లో వెలువడినది. చక్రపాణి మొదలగువారి అనువాదముల మూలమున శరత్ నవలలు తెలుగిండ్లలో ఎంతగా ప్రవేశించిన వనగా, ఆయన మన రచయితయే యని తలంచిన పాఠకులు లేకపోలేదు. వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున వినోదా వారు నిర్మించిన తెలుగు చిత్రము 1953 జూన్ 26వ తేదీన విడుదలయ్యెను. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి, లలిత చంద్రముఖి.

నవల చిన్నది. అందులో జరుగు కార్యము గూడ స్వల్పమే. పార్వతి ఒక రాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వచ్చి తన మనసు చెప్పును. అతడు తల్లిదండ్రుల నెదిరింపలేడు. కలకత్తాకు పోయి ఆమెకొక జాబు వ్రాయును. వ్రాసిన వెంటనే పశ్చాత్తాప పడును. అప్పటికే ఆలస్యమైపోయినది. తరువాతి దంతయు క్షయమే. ఇంత నిష్క్రియుడైన నాయకునిపై మనకు విసుగు పుట్టకుండుటకు కారణము, ప్రక్కనే నిలిచి అతని దౌర్బల్యమును దాచక, అయినను జాలితో, మనకు చెప్పుచున్న రచయిత కంఠము. నవల ముగింపులో శరత్ కథను విడిచి, నేరుగా పాఠకునితోనే మాటలాడును; ఇట్టి అభాగ్యునికై ప్రార్థింపుమని వేడుకొనును.

తెరమీద ఈ కంఠము లేదు. కెమెరా ముఖమును చూపగలదు, త్రాగు చేతిని చూపగలదు. కాని "వీనిని తూలనాడకుడు" అని మనతో చెప్పలేదు. మరి ఆ జాలిని ఎవరు పలుకవలెను?

మన చిత్రములో దానిని పాట పలికినది. నవలలోని దేవదాసు గాయకుడు కాడు. అతనిచేత పాడించినది సినిమాయే. అంతకు పూర్వపు హిందీ చిత్రములోనే సైగల్ పాడియుండెను. సి. ఆర్. సుబ్బరామన్ స్వరపరచగా ఘంటసాల పాడిన పాటలలో దేవదాసు తన మాటగా చెప్పుకొనలేనిది వినిపించును. తన్ను తాను పరిహసించుకొనుట, లోకముపై విరక్తి, అన్నిటి క్రింద అణగియున్న పసితనము, ఇవన్నియు ఆ గొంతులో కలవు. చిత్రము పూర్తి కాకమునుపే, 1952లో, సుబ్బరామన్ మరణించెను. మిగిలిన సంగీతమును విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేసిరి. నవలకు లేని పాటలను చేర్చుట అపరాధ మనువారున్నారు. నాకు మాత్రము, రచయిత కంఠము పోయిన చోటనే గాయకుని కంఠము వచ్చి నిలిచినదని తోచును.

అన్ని నవలలకును ఈ అదృష్టము పట్టలేదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1976లో చిత్రమైనది. ఆ నవలలో మనము జయంతి మనసులో కూర్చుండి లోకమును చూతుము. ఆమె అభిమానము, అనుమానము, తనతో తాను పడు పోరు, ఇవే పుస్తకమునకు ప్రాణము. ఇండ్లలో ఆడవారు దానిని చేతులు మార్చుకొని చదువుటకు అదియే కారణము. తెరమీద వాణిశ్రీ ఎంత చక్కగా నటించినను, మనము జయంతిని బయటినుండి చూతుమే గాని జయంతితో కలిసి చూడము. ఇక్కడ పాటలున్నను ఆ లోటు తీరలేదు.

ఇక రేడియో సంగతి. ఆకాశవాణి తెలుగు కేంద్రములు 'సంక్షిప్త శబ్దచిత్రము' అను పేర చిత్రముల సంభాషణలను, పాటలను కుదించి వినిపించుచుండెడివి. బొమ్మ పోగా మాటయు పాటయు మాత్రమే మిగులును. పార్వతి ముఖమెట్టిదో శ్రోత తానే కల్పించుకొనవలెను, నవలా పాఠకుని వలెనే.

నవలలో తుది ప్రయాణమున దేవదాసు, నౌకరు నిద్రించుచుండగా, జ్వరముతో రాత్రివేళ ఒక చిన్న స్టేషనులో దిగిపోవును. అచ్చటినుండి పార్వతి అత్తవారి ఊరికి ఎడ్లబండి. ఆమెకు వార్త తెలియునప్పటికే శవమును కొనిపోయియుందురు. ఆమె పరుగెత్తుకొని వచ్చుచుండగా తలుపులు మూతపడు దృశ్యము పుస్తకములోనిది కాదు. 1935లో బారువా తీసిన బెంగాలీ చిత్రముతో ప్రసిద్ధమైనది. చూచినవారు దానిని మరువలేరు. కాని కాజీపేట–సికింద్రాబాదు మార్గమున రఘునాథపల్లి వంటి చిన్న స్టేషను ప్రక్కన కాపురమున్నవారికి, చీకటిలో బండి ఆగి మరల కదలిపోవు ధ్వని చాలును. దిగినవాడెవడో, ఏ ఊరికి పోవలెనో, వారే ఊహించుకొందురు.