ఎర్ర గీత గోలీ: జైనూర్ గూడేల్లో యాంటీబయోటిక్ వాడే తీరు

యాంటీబయోటిక్ బ్యాక్టీరియాను చంపే మందు, లేదా పెరగకుండా ఆపే మందు. జ్వరాన్ని దించే మందు కాదు. వానాకాలంలో ఆదిలాబాద్ ప్రాంతంలోని జైనూర్, సిర్పూర్ (యు), కెరమెరి మండలాల్లాంటి అటవీ ప్రాంతాల్లో వచ్చే జ్వరాల్లో మలేరియాకు పరాన్నజీవి కారణం, డెంగీకి వైరస్ కారణం. టైఫాయిడ్‌, స్క్రబ్ టైఫస్‌ మాత్రం బ్యాక్టీరియా వల్ల వస్తాయి. మొదటి రెండు రోజుల్లో నాలుగూ ఒకే తీరుగా కనిపిస్తాయి: ఒళ్లునొప్పులు, తలనొప్పి, చలి. అందుకే రక్తపరీక్ష చేయకుండా అంగడి రోజున కొనుక్కునే గోలీ గుడ్డిదెబ్బే అవుతుంది. సర్దికి, మామూలు గొంతునొప్పికి, నీళ్ల విరేచనాల్లో చాలావాటికి యాంటీబయోటిక్ అక్కర్లేదు. విరేచనాలకు ముందు కావలసింది ఓఆర్‌ఎస్.

డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల పట్టీపై నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. ఆ గీతను గుర్తుపట్టమని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం మొదలుపెట్టింది. సెఫిక్సిమ్ వంటి కొన్ని యాంటీబయోటిక్‌లను అంతకుముందే, 2014 మార్చి నుంచి, హెచ్1 షెడ్యూల్లో చేర్చారు. వాటిని అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారన్నది దుకాణదారు వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. గోలీలు కత్తిరించి ఇచ్చే దుకాణంలో గడువు తేదీ ఉన్న ముక్క తరచూ పట్టీలోనే మిగిలిపోతుంది. దాన్ని చూపించమని అడగడం కొనేవారి హక్కు.

చీటీ మీద 1–0–1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. అంటే దాదాపు పన్నెండు గంటల ఎడం. అమాక్సిసిలిన్‌కు తరచూ 1–1–1 రాస్తారు, దానికి ఎనిమిది గంటల ఎడం. చేనుకు పోయే హడావుడిలో పొద్దున, మధ్యాహ్నం గోలీలు దగ్గరదగ్గరగా మింగేసి రాత్రిది మరిచిపోతే రక్తంలో మందు మోతాదు కాసేపు ఎక్కువై, ఆ తర్వాత గంటల తరబడి చాలకుండా పోతుంది. ఇంట్లో గోండీ, కొలామీ, మరాఠీ మాట్లాడే కుటుంబాలకు తెలుగులోనో ఇంగ్లిషులోనో రాసిన చీటీ కంటే ఆశా కార్యకర్త వాళ్ల భాషలో ఒకసారి చెప్పిన మాటే ఎక్కువ పనికొస్తుంది.

అన్నానికి ముందా, తర్వాతా అన్నది మందును బట్టి మారుతుంది. అమాక్సిసిలిన్‌కు ఆ పట్టింపు లేదు. దానికి క్లావులానిక్ ఆమ్లం కలిస్తే అన్నం తినడం మొదలుపెడుతూ వేసుకోవాలి, కడుపులో తిప్పడం తగ్గుతుంది. డాక్సీసైక్లిన్‌ మీద మరింత శ్రద్ధ కావాలి. అది స్క్రబ్ టైఫస్‌కు ప్రధానమైన మందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థ 1948లో బయటపెట్టిన ఆరియోమైసిన్ కుటుంబానికి చెందినదే. గ్లాసు నిండా నీళ్లతో, కూర్చునో నిలబడో మింగి, అరగంట దాకా పడుకోకూడదు. లేకపోతే గోలీ అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. దీన్ని వాడేవారి చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది కాబట్టి చేనులో పనిచేసేవారు నిండు చేతుల అంగీ వేసుకోవాలి. గర్భిణులకు దీన్ని సాధారణంగా ఇవ్వరు.

రక్తహీనతకు ఇచ్చే ఐరన్ గోలీలు డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ మందులను కడుపులోనే పట్టేసి ఒంటికి ఎక్కనివ్వవు. పాలు, కాల్షియం, గ్యాస్ మందులదీ అదే పని. రెండూ ఒకేసారి మింగకుండా గంటల ఎడం పాటించాలి. సిప్రో అయితే ఐరన్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. షుగర్ గోలీలు వాడేవారు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, సిప్రోతో కలిసి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. రక్తవిరేచనాలకో పంటి చీముకో మెట్రోనిడజోల్ రాసినప్పుడు ఇప్పసారా ముట్టకూడదు. వాంతులు, గుండెదడ రావచ్చని హెచ్చరిక ఉంది. గోలీలు అయిపోయాక కూడా రెండు మూడు రోజులు ఆగాలి.

ఎన్ని రోజులు వాడాలన్నది రోగం నిర్ణయిస్తుంది, ఒంట్లో హుషారు కాదు. టైఫాయిడ్‌కు వారం నుంచి రెండు వారాలు పట్టవచ్చు, మామూలు నిమోనియాకు ఐదు రోజులు చాలవచ్చు. ఎక్కువ రోజులు వాడితే మంచిదన్న పాత నమ్మకం ఇప్పుడు వైద్యుల్లోనే సడలింది. అలాగని జ్వరం తగ్గగానే సొంతంగా మానేయడం సరికాదు, రోజులు తగ్గించాలంటే డాక్టరే తగ్గించాలి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. తర్వాతి పూట దగ్గరపడితే మరిచినదాన్ని వదిలేయాలి, రెండు కలిపి మింగకూడదు. మిగిలిన గోలీలను మరో జ్వరానికి దాచడం, పక్కింటివారికి ఇవ్వడం ప్రమాదం.

కొద్దిపాటి వికారం, పలచటి విరేచనం సాధారణమే. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు లేదా నాలుక వాపు, ఆయాసం వస్తే మందు ఆపి వెంటనే 108కి ఫోన్ చేయాలి. పెన్సిలిన్ పడనివారు ఆ సంగతి ఆసుపత్రి చీటీ మీద రాయించుకుని ప్రతిసారీ చూపించాలి. విరేచనాల్లో రక్తం పడినా, సిప్రో వాడుతుంటే మడమ వెనక నొప్పి పుట్టినా ఆలస్యం చేయకూడదు.

పిల్లల మోతాదు వయసుతో కాదు, బరువుతో లెక్క. పొడి సిరప్‌లో కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి, ప్రతిసారీ బాగా కుదిపి, ఇంటి చెంచాతో కాకుండా దానితో వచ్చిన మూతతోనే కొలవాలి. కలిపాక గడువు చాలావాటికి వారమే. కొన్నింటిని చల్లగా ఉంచాలి, ఫ్రిజ్ లేని ఇంటివారు ఆ మాట ముందే చెబితే డాక్టర్ వేరే మందు చూడవచ్చు.

బ్యాక్టీరియా సోకకున్నా రోజూ యాంటీబయోటిక్ వాడే సందర్భం ఒకటుంది. ఆదిలాబాద్ ప్రాంతపు గోండు, కొలాం కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉన్న చిన్నపిల్లలకు ప్లీహం సరిగ్గా పనిచేయదు, న్యూమోకాకస్ బ్యాక్టీరియా గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ ఇస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుందని 1986లో అమెరికాలో జరిగిన పరిశోధన చూపింది. ఐదేళ్లు నిండేదాకా దీన్ని కొనసాగించడం వాడుక. పెన్సిలిన్ వాడుతున్నా ఆ పిల్లలకు జ్వరం వస్తే ఇంట్లో గోలీతో సరిపెట్టకుండా, రాత్రయినా వాగు పొంగేలోపు ఆసుపత్రికి చేర్చాలి.