విడిభాగాల వేట

కారు కొన్ననాడు అది ఒకే వస్తువుగా కనిపిస్తుంది. నలభై యాభై ఏళ్లు గడిచిన తరువాత అది కొన్నివేల విడిభాగాల కూర్పు అన్న సంగతి యజమానికి తెలిసివస్తుంది. వాటిలో ఏ ఒక్కటి అరిగినా, విరిగినా, తుప్పు పట్టినా బండి కదలదు. తయారుచేసిన కర్మాగారం నడుస్తున్నంతకాలం ఇది పెద్ద సమస్య కాదు. కర్మాగారం మూతపడిన తరువాత మాత్రం అరచేతిలో ఇమిడే చిన్న రబ్బరు ముక్క కోసం నగరాలు తిరగవలసి వస్తుంది. పాత కార్లను ప్రాణప్రదంగా చూసుకునేవారికి డబ్బుకంటె, ఓపికకంటె ముఖ్యంగా కావలసింది ఈ వేటలో మెలకువ.

ముందుగా ‘వింటేజి కారు’ అన్న మాటకు అర్థం తెలుసుకోవాలి. ఇంగ్లండులో ఈ మాటను 1919కీ 1930కీ మధ్య తయారైన కార్లకే వాడుతారు. మన దేశంలో ఆ మాటకు చట్టపరమైన నిర్వచనం 2021లో వచ్చింది. ఆ ఏడాది కేంద్ర మోటారు వాహనాల నియమావళికి చేసిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నాటినుంచి యాభై ఏళ్లు నిండినవీ, చట్రం, బాడీ, ఇంజను గణనీయంగా మారకుండా అసలు రూపంలోనే నిలిచినవీ అయిన వాహనాలు వింటేజి వాహనాలు. వాటికి ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. అందుచేత పాత ఇంజను తీసివేసి ఏదో ఒక కొత్త ఇంజను బిగించుకుంటే బండి పరుగెత్తుతుందేమో గాని ఆ గౌరవాన్ని పోగొట్టుకుంటుంది. అసలు భాగం కోసం ఇంత తాపత్రయం ఎందుకని అడిగేవారికి ఇది ఒక సమాధానం.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ కారు ఉంది. అలాంటి రాచకార్ల సంగతి వేరు. సామాన్య కుటుంబాల వాకిళ్లలో తాతలనాటి గుర్తుగా మిగిలినవి ముఖ్యంగా మూడు రకాలు. అంబాసిడరు, ఫియట్ లేదా ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్. అంబాసిడరుకు మాతృక ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు. కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారాలో దాని తయారీ 2014లో ఆగిపోయింది. పద్మినికి మూలం ఇటలీ దేశపు ఫియట్ 1100. హెరాల్డును మద్రాసులోని స్టాండర్డ్ సంస్థ 1961 నుంచి తయారుచేసింది. మూడూ విదేశాల రూపకల్పనలే, మూడింటి కర్మాగారాలూ ఇప్పుడు లేనివే. అయినా విడిభాగాలు దొరికే తీరులో వీటిమధ్య ఎంతో తేడా ఉంది.

ఎక్కువకాలం, ఎక్కువ సంఖ్యలో తయారైన బండికి భాగాలు సులభంగా దొరుకుతాయి. అంబాసిడరు అర్ధశతాబ్దానికి పైగా తయారైంది. టాక్సీగా, ప్రభుత్వ వాహనంగా దేశమంతటా తిరిగింది. కాబట్టి దాని బ్రేకు సామాను, క్లచ్ ప్లేట్లు తయారుచేసే చిన్న పరిశ్రమలు కర్మాగారం మూతపడిన వెంటనే మాయం కాలేదు. పద్మిని కథ ఇందుకు కొంచెం భిన్నం. బొంబాయిలోని నలుపు పసుపు టాక్సీలే ఆ కారుకు చిరకాలం ప్రాణం పోశాయి. టాక్సీలకు ఇరవై ఏళ్ల వయోపరిమితి ఉండడంవల్ల ఆఖరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. టాక్సీలు పాత ఇనుము దుకాణాలకు చేరినంతకాలం వాటి తలుపులు, బంపర్లు, గేరుపెట్టెలు చవకగా దొరికాయి. టాక్సీలు లేకపోతే వాటికోసం భాగాలు చేసేవారూ ఉండరు, వాటినుంచి భాగాలు విప్పేవారూ ఉండరు. ధర పెరగడం మొదలయ్యేది అప్పుడే. బాగా ముందుచూపు ఉన్న యజమానులు ఇలాంటి సమయంలో తమకు తక్షణం అవసరం లేకపోయినా ముందు అద్దం, వెనుక దీపాల గాజులు కొని దాచుకుంటారు. గాజును లేత్ మీద చేయించలేము గదా!

ఇటువంటి సామాను దొరికే పేటలు ప్రతి మహానగరంలోనూ ఉన్నాయి. ఢిల్లీలో కశ్మీరీ గేటు, కలకత్తాలో మల్లిక్ బజారు, చెన్నైలో పుదుప్పేట, బొంబాయిలో కుర్లా ప్రసిద్ధమైనవి. సికింద్రాబాదులో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ మనవారికి తెలిసినవే. ఈ వీధులలోకి కొత్తగా వెళ్లినవాడు “పాత ఫియట్‌కు ఫలానాది ఉందా?” అని అడిగితే ‘ఉంది’ అన్న జవాబే వస్తుంది. లేదు అనడం వ్యాపారి స్వభావంలో లేదు. అందుకే అడగడానికి ముందే తనకు కావలసినదేమిటో కొనేవాడికి నిర్దుష్టంగా తెలిసి ఉండాలి. మాట మీద కాక సంఖ్య మీద బేరం సాగాలి.

ఆ సంఖ్యలు ఎక్కడ ఉంటాయి? చట్రం మీద ఒకటి, ఇంజను మీద ఒకటి ఉంటాయి. ఆనాటి సంస్థ ముద్రించిన విడిభాగాల పట్టిక దొరికితే ప్రతి భాగానికీ ఒక సంఖ్య కనిపిస్తుంది. అన్నిటికంటె మేలైనవి బేరింగులు. 6203 అన్న సంఖ్య ఉన్న బేరింగును ఏ దేశంలో ఎవరు తయారుచేసినా లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసం 40, మందం 12 మాత్రమే ఉంటుంది. అది కారుకు చేసినదా, నీటి మోటారుకు చేసినదా అన్న ప్రశ్నే లేదు. ‘ఇది పాత కారు బేరింగు, దొరకడం దుర్లభం’ అని పదింతల ధర చెప్పే దుకాణం ముందు నిలబడి, దాని అంచుమీద చెక్కిన సంఖ్యను చదివి, పక్క వీధిలోని బేరింగుల కొట్టుకు నడిచి వెళ్లవచ్చు. సంఖ్య చదవడం తెలియనందుకు మనం చెల్లించే జరిమానాయే ఆ పదింతల ధర.

మరల విషయంలో చిక్కు ఎక్కువ. పాత బ్రిటిష్ కార్లలో ఒక కొలత, యుద్ధానంతరం వచ్చినవాటిలో మరొక కొలత, ఇటలీ కార్లలో మెట్రిక్ కొలత వాడారు. పావు అంగుళం పాత బ్రిటిష్ సన్నమరకు అంగుళానికి 26 చుట్లు, అదే పావు అంగుళం అమెరికా పద్ధతి సన్నమరకు 28 చుట్లు ఉంటాయి. కంటికి రెండూ ఒకటే. నట్టు ఒకటి రెండు చుట్లు సుఖంగా ఎక్కుతుంది, తరువాత బిగుస్తుంది. అక్కడ ఆగి ఆలోచించక పానాతో బలంగా తిప్పితే ఉన్న మర కాస్తా చెడిపోతుంది. పది రూపాయల బోల్టు కోసం మళ్లీ దొరకని ఇంజను దిమ్మ పాడవుతుంది. మరల సాంద్రతను కొలిచే చిన్న దువ్వెనవంటి పరికరం ఒకటి ఉంటుంది. పాత కారు ఉన్న ఇంట్లో అది ఉండితీరాలి.

ఇక అమ్మేవారి సంగతి. నమ్మదగిన వర్తకులు లేకపోలేదు. మూడు తరాలుగా ఒకే సామాను అమ్ముతూ, చేత్తో తడిమి ఇది ఏ ఏటి కారుదో చెప్పగలవారు ఉన్నారు. అయితే వారి పక్కనే మరొక రకంవారూ ఉంటారు. వాడి పారేసిన భాగాన్ని కిరోసినుతో కడిగి, నల్లరంగు పూసి, కొత్త అట్టపెట్టెలో పెట్టి ‘పాత స్టాకు, వాడనిది’ అని అమ్ముతారు. పైన పటారం, లోన లొటారం. బోల్టు బిగించే రంధ్రాల చుట్టూ చూస్తే గుట్టు బయటపడుతుంది. వాడని భాగానికి అక్కడ వాషరు ఒరుసుకున్న గుర్తు ఉండదు. రంగును గోటితో గీకితే కింద తుప్పు గుంటలు కనిపిస్తాయి. అట్టపెట్టెమీది పేరును మాత్రం ఎన్నడూ సాక్ష్యంగా తీసుకోరాదు, పెట్టెలను అచ్చువేయడం భాగాలను చేయడంకంటె సులువు.

నిజంగానే వాడని పాత సరుకు అయినా అన్నివేళలా మంచిది కాదు. ఇనుము నూనెలో నిద్రపోగలదు గాని రబ్బరు నిద్రపోలేదు. వాడినా వాడకపోయినా అది గాలికి, వేడికి గట్టిపడి పగుళ్లు తీస్తుంది. చక్రాలలోని బ్రేకు సిలిండర్లకు ఉండే రబ్బరు గిన్నెలు వేలెడంత కూడా ఉండవు. పాతకాలపు కార్లలో చాలావాటికి నాలుగు చక్రాల బ్రేకులూ ఒకే నూనె గొట్టం మీద ఆధారపడి పనిచేస్తాయి. ఒక గిన్నె చిట్లి నూనె కారిపోతే నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టు తప్పుతాయి. ముప్పై ఏళ్లనాటి ‘ఒరిజినల్’ గిన్నెకంటె నిరుడు చేసిన పేరులేని గిన్నె మేలు కావచ్చు. ఇది పాత కారు అభిమానులలో కొందరికి రుచించని మాట. కాని ప్రదర్శనలో నిలబెట్టే కారుకూ, పిల్లలను ఎక్కించుకుని ఘాటురోడ్డు దిగే కారుకూ ఒకే నియమం పనికిరాదు. టైర్ల విషయంలో కొనేవాడికి కొంత రక్షణ ఉంది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ‘కొత్త టైరు’ అన్న దుకాణదారు మాటను ఆ నాలుగు అంకెలు సరిచూస్తాయి.

దొంగసరుకు అమ్మేవాడికంటె ఎక్కువ బాధపెట్టేవాడు బయానా పుచ్చుకుని తిప్పేవాడు. వెనుకటి రోజుల్లో పల్లెటూళ్లలో దయ్యాన్ని సాగనంపడానికి తలుపుల మీద ‘రేపు రా’ అని రాసేవారు. కొన్ని దుకాణాలకు ఆ రాత అక్కరలేదు, నోటితోనే ఆ పని జరుగుతుంది. సరుకు దారిలో ఉంది, లారీ ఆగింది, కుర్రవాడు ఊరికి వెళ్లాడు అంటూ కారణాలు మారుతుంటాయి, భాగం మాత్రం రాదు. దూరపు నగరంనుంచి తెప్పించుకునేటప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పట్టికలోని బొమ్మను పంపి అదే తమ దగ్గర ఉన్నదని చెప్పేవారున్నారు. అటువంటప్పుడు ఆ భాగాన్ని ఆనాటి దినపత్రిక పక్కన ఉంచి, కొలబద్ద ఆనించి తీసిన ఫోటో పంపమని అడగాలి. సరుకు ఉన్నవాడికి అది అయిదు నిమిషాల పని. లేనివాడు కోపగించుకుంటాడు. ఆ కోపమే మనకు కావలసిన సమాచారం. మొత్తం సొమ్ము ముందే పంపక కొంత మాత్రమే ఇచ్చి, సంఖ్య, స్థితి, గడువు, సరిపడకపోతే తిరిగి తీసుకునే షరతు రాయించుకోవాలి.

రసీదు లేకుండా కొంటే ధర తగ్గిస్తామంటారు. తగ్గిన ఆ కాస్త సొమ్ముకు మన హక్కునే అమ్ముకున్నట్లవుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ నగరంలో ఉన్నా కొన్నవాడు తాను నివసించే జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాదం తలెత్తిన నాటినుంచి రెండేళ్లు గడువు. అయిదు లక్షల రూపాయలవరకు రుసుము కూడా లేదు. 1915 అనే నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. అయితే వీటన్నిటికీ కాగితం కావాలి. రసీదు వల్ల ఇంకొక మేలు ఉంది. కొన్న భాగం దొంగసొత్తు అని తరువాత తేలితే, మనం బజారులో బహిరంగంగా కొన్నామని చూపడానికి ఆధారం అదే.

నష్టాలలో కెల్లా పెద్ద నష్టం డబ్బు పోవడం కాదు, నమూనా పోవడం. ‘మీ పాతది ఇక్కడ వదిలి వెళ్లండి, చూసి తెప్పిస్తాం’ అంటారు. నెల తరువాత వెళితే కొత్తదీ ఉండదు, పాతదీ కనిపించదు. ఉన్న ఒక్క నమూనానూ ఎవరి చేతికీ వదలరాదు. కొలతలు, ఫోటోలు, కాగితం మీద చుట్టుగీత ఇస్తే చాలు. బంపరుకు క్రోమియం పూత వేయించడంవంటి పనులకు అసలు వస్తువును ఇవ్వక తప్పదు. అప్పుడు లోపలివైపు కనబడనిచోట చిన్న పంచ్ గుర్తు కొట్టి ఇవ్వాలి. మంచిది ఉంచుకుని వేరొకటి ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉన్నదని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు.

విదేశాలనుంచి తెప్పించుకోవచ్చు గదా అన్నది సహజమైన ఆలోచన. కొంతవరకు అది నిజం. పాత అంబాసిడరులోని 1489 ఘనసెంటీమీటర్ల ఇంజనూ, ఇంగ్లండులోని ఎం.జి.ఎ. కారు తొలి ఇంజనూ ఒకే కుటుంబానివి. ఆ కార్లకు అక్కడ అభిమానులు ఎక్కువ కాబట్టి ఇంజను భాగాలు నేటికీ కొత్తగా తయారవుతున్నాయి. కాని పోలిక ఎక్కడ ముగుస్తుందో తెలియాలి. హెరాల్డు కారును ఇంగ్లండులో రెండు తలుపులతోనే చేశారు. మన మద్రాసు సంస్థ తరువాత దానికి నాలుగు తలుపులు పెట్టింది. కాబట్టి దాని వెనుక తలుపు అద్దంగాని, పిడిగాని పుట్టింటిలో కూడా దొరకవు. అవి దొరికితే మన దేశంలోనే, మరొక హెరాల్డు శిథిలంలోనే దొరకాలి.

ఎక్కడా దొరకనిదాన్ని చేయించుకోవాలి. ఈ పనిలో విజయవాడ ఆటోనగర్‌లోను, హైదరాబాదు బాలానగర్‌లోను ఉన్న లేత్ పనివారి నైపుణ్యం మెచ్చదగినది. అయితే పాత భాగాన్నే అచ్చుగా ఇసుకలో నొక్కి పోత పోయిస్తే కొత్తది చిన్నదవుతుంది. చల్లారేటప్పుడు పోతఇనుము సుమారు ఒక శాతం కుదించుకుపోతుంది, అల్యూమినియం ఇంకొంచెం ఎక్కువ. అనుభవజ్ఞుడైన పోతపనివాడు అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కుతాడు. ఆ సంగతి ప్రస్తావించని పోతపనివాడికి పని ఇవ్వకపోవడం మంచిది. ఇటువంటి పనిలో ఖర్చంతా అచ్చుకు, మొదటి కొలతలకే అవుతుంది. ఒకటి చేయించినా నాలుగు చేయించినా ధరలో తేడా స్వల్పం. అందుకని తెలిసినవారు నాలుగు చేయించి ఒకటి తాము బిగించుకుని, ఒకటి దాచుకుని, మిగిలిన రెండూ అదే కారు ఉన్న మరో ఇద్దరికి అసలు ఖరీదుకే ఇస్తారు. తమ కారుకు గేరు కర్ర విరిగిననాడు ఆ ఇద్దరిలో ఒకరి అటకమీద అది ఉండే అవకాశం లేకపోలేదు.