టెలిఫోను యంత్రపు రెండు జ్ఞాపకాలు

పూర్వం పెద్ద కార్యాలయాలలో స్విచ్‌బోర్డు ముందు ఒక ఆపరేటరు కూర్చుండేవారు. ఏ గదికి ఏ నంబరో, మేనేజరు సెలవులో ఉంటే ఆయనకు వచ్చిన పిలుపును ఎవరికి కలపవలెనో అంతయు ఆ మనిషి తలలోనే ఉండేది. తరువాత వచ్చిన స్వయంచాలక యంత్రాలలో ఈ నియమాలు తీగెల అమరికలోనికి మారినవి. ఉద్యోగి గది మారితే తీగె విప్పి మరల వేయవలసినదే.

1963లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో, కోకో బీచ్‌లో, బెల్ సంస్థ 101 ఇ.ఎస్.ఎస్. అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థను ఒక వ్యాపార సంస్థకై నెలకొల్పినది. కలిపే విధానాన్ని తీగెలలో గాక ఆజ్ఞలుగా వ్రాసి నిలువచేయుట ఇందలి విశేషం. ఆ ఆజ్ఞల వరుసనే సాఫ్ట్‌వేర్ అంటారు. 1965 మే 30న న్యూజెర్సీలోని సక్కసన్నాలో ఊరి ఎక్స్ఛేంజి కూడ ఇదే పద్ధతిపై పనిచేయసాగినది.

ఈ రెండవ యంత్రంలో ఆజ్ఞలు వ్రాసిన వస్తువు చూడదగినది. అదొక పలుచని అల్యూమినియం రేకు. దానిపై చిన్నచిన్న అయస్కాంతపు ముక్కలు బారులు తీరి ఉండేవి. ముక్కలో అయస్కాంతత్వం ఉంటే ఒక గుర్తు, లేకుంటే మరొకటి. సున్న, ఒకటి అనే రెండంకెలతోనే వ్రాత అంతా సాగుతుంది. రేకుకు 64 పదాలు, పదానికి 44 గుర్తులు. వాటిలో 7 కేవలం తప్పులు పట్టుటకే. ఇట్టి రేకులు 128 చేరి ఒక మాడ్యూలు; 16 మాడ్యూళ్ల నిలువలో 1,31,072 పదాలు ఇమిడేవి.

కరెంటు పోయినా ఈ వ్రాత చెరగదు. అంతకన్న ముఖ్యమైన సంగతి, యంత్రం రేకులను చదవగలదే గాని వాటిపై వ్రాయలేదు. లోపం ఏది పుట్టినా తన ఆజ్ఞలను తానే పాడుచేసుకొనజాలదు! మార్పు కావలెనంటే రేకులను బయటికి తీసి, ప్రత్యేకమైన వ్రాతయంత్రంలో ఉంచి మరల వ్రాసేవారు.

మరి ఈ క్షణాన ఎవరితో ఎవరు మాట్లాడుచున్నారో రేకుపై వ్రాయుట ఎట్లు? దానికి వేరొక జ్ఞాపకం ఉండేది. అది క్షణక్షణం మారుతుంది. నిన్న నంబరు మారిన చందాదారు సంగతి కూడ, రేకులు తిరిగి వ్రాసేవరకు, అందులోనే ఉండేది.

తరువాతి కార్యాలయ యంత్రాలలో రేకుల స్థానాన్ని చిప్పులు ఆక్రమించినవి. కొన్నింటిలో ప్రోగ్రాము చిన్న మెమరీ కార్డులో ఉంటుంది. కార్డు మార్చితే యంత్రానికి కొత్త విద్యలు అబ్బుతాయి. అయితే ఆ కార్యాలయపు సొంత ఏర్పాట్లు, అనగా ఏ నంబరు ఎవరిది, రాత్రివేళ పిలుపు ఎక్కడ మ్రోగవలెను అనునవి, పలు నమూనాలలో బ్యాటరీ ఆధారంతో నిలిచే జ్ఞాపకంలో ఉంటాయి. ప్రోగ్రాము కార్డు భద్రంగా ఉన్నది గనుక అన్నీ భద్రమేనని చాలమంది పొరబడుతారు. కరెంటు ఉన్నంతకాలం ముసలిదైన బ్యాటరీని ఎవరూ గమనించరు. ఒకనాడు చాలసేపు కరెంటు పోయి తిరిగి వస్తే, యంత్రం చక్కగా మేల్కొంటుంది, డయలు ధ్వని వినిపిస్తుంది. కాని ఏర్పాట్లన్నీ మరచి, తయారైననాటి స్థితికి చేరి ఉంటుంది. అప్పుడు ఆసుపత్రికి రాత్రి వచ్చిన పిలుపు డ్యూటీ డాక్టరు బల్లపై గాక, తాళం వేసిన ఆఫీసు గదిలో మ్రోగవచ్చును.

అందుచేత ఏర్పాట్లకు మరొక కార్డుపై నకలు తీయుదురు. ఏర్పాటు మారిన ప్రతిసారి నకలు మరల తీయవలెను. దానిని యంత్రంలోనే వదలుట మంచిది కాదు; టెలిఫోను తీగెల వెంట వచ్చే పిడుగు కార్డును కూడ కాల్చగలదు. ప్రోగ్రాము మార్చినప్పుడు పాత నకలును కొత్త ప్రోగ్రాము చదవలేకపోవుట కూడ కద్దు. ఆ సందర్భంలో నంబర్ల జాబితా కాగితంపై ఉంటే, దానిని చూచి ఏర్పాట్లను ఒక్కొక్కటిగా తిరిగి ఎక్కించవచ్చును.